వీరుడి లెక్కలో మిగిలిన నలుగురు

నరసరావుపేట బస్టాండు ఎదురుగా నేను రోజూ టీ తాగే కొట్టులో గ్లాసు చిన్నదవుతోంది. ఒక్కసారిగా కాదు. ఒక్కసారిగా అయితే గొడవ పెట్టుకోవచ్చు. అడుగున గాజు మందం పెరుగుతూ, పైన నురగ పెరుగుతూ, మధ్యలో టీ అనే పదార్థం వినయంగా తగ్గుతూ వస్తోంది. మొన్న కొట్టువాణ్ణి అడిగితే, "గ్లాసు అదే సార్, మీ చెయ్యి పెద్దదయింది" అన్నాడు. రిటైరైనవాడి చెయ్యి పెద్దదవడం నేనెక్కడా వినలేదు. ఇంతకంటే మంచి టీ దొరికే కొట్టు ఒకటి మా పాత ఆఫీసు వీధిలో ఉంది. అక్కడికి వెళ్ళను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఎవరూ ప్రకటించకుండా తగ్గిపోయేవి చాలానే చూశాను. పెళ్ళి భోజనాల్లో నెయ్యి, నా కంటిచూపు, పై అధికారుల జ్ఞాపకశక్తి. అన్నీ నష్టాలే. తగ్గినందుకు సంతోషించాల్సింది ఉద్యోగ జీవితం మొత్తం మీద ఒక్కటే కనిపించింది. దాన్ని నేనే పెంచేశాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలకి పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాకపోయినా నష్టం లేదు, మా శాఖలో చాలా కాగితాలు ఆ ధైర్యంతోనే పుట్టేవి.

శాఖ పేరు రాయను. పెన్షను ఇంకా వస్తోంది. గుళ్ళు, తిరునాళ్ళు, వాటి భూములు, ఆ భూముల తగాదాలు మా కింద ఉండేవని చెబితే చాలు. శివరాత్రికి కోటప్పకొండ మీద క్యూల దగ్గర తాళ్ళు పట్టుకుని నిలబడటం, మిగతా ఏడాదంతా ఆ తాళ్ళు ఏమయ్యాయో పైవాళ్ళకి జవాబు రాయడం, ఇదీ స్థూలంగా నా వృత్తి. చరిత్రలో ఎమ్మే చదివానన్న సంగతి ఆఫీసులో ఎవరికీ గుర్తుండేది కాదు. ఒక్కసారి గుర్తొచ్చింది. దాని ఫలితమే ఈ కథ.

నేను దిగిపోవడానికి ఇంకా ఏడాది కూడా లేదు. జిల్లా కొత్తగా ఏర్పడిన రోజులు. కొత్త జిల్లాకి కొత్త ఆఫీసులు, కొత్త కుర్చీలతో పాటు ఒక పాత చరిత్ర కూడా అర్జెంటుగా కావలసి వచ్చింది. ఊరూరా చిన్నా పెద్దా గుళ్ళ దగ్గర నల్ల గ్రానైటు పలకల మీద స్థలచరిత్ర చెక్కించి పెట్టాలని మా పై అధికారికి తోచింది. నన్ను పిలిచి, "నువ్వు హిస్టరీ గదయ్యా?" అన్నాడు. నేరం ఒప్పుకున్నాను. గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారిలో, లోపలికి ఉన్న ఒక ఊరి వీరుడి గుడి నా వంతుకు వచ్చింది.

గుడి అంటే పెద్దదేం కాదు. వాగు ఒడ్డున నాలుగు స్తంభాల మండపం, లోపల నిలువెత్తు వీరగల్లు. రాతిలో ఒక మనిషి కత్తి ఎత్తి నిలబడి ఉంటాడు. ఎన్ని తరాల చేతులు పసుపు రుద్దాయో, మొహం అరిగి నునుపైంది. కత్తి కూడా అరిగి ముల్లుగర్రలా కనిపిస్తుంది. తెలియనివాడు చూస్తే ఎద్దుల్ని అదిలిస్తున్నాడనుకుంటాడు. ఇవతలి ఊరి పశువుల్ని అవతలి ఊరివాళ్ళు తోలుకుపోవడానికి వస్తే, ఒక్కడే వాగుకి అడ్డంగా నిలబడి వాళ్ళని నరికి తనూ పడిపోయాడని కథ. శివరాత్రి వెళ్ళిన మొదటి ఆదివారం తిరునాళ్ళ. విచిత్రం ఏమిటంటే దానికి అవతలి ఊరివాళ్ళు కూడా వస్తారు. చంపినవాడికి ఇవతలివాళ్ళు కొబ్బరికాయ కొడితే, చచ్చినవాళ్ళకి అవతలివాళ్ళు ముద్ద పెడతారు. ఆ తర్వాత రెండు ఊళ్ళూ ఒకే వరుసలో చాపల మీద కూర్చుని చాపకూడు తింటాయి.

కథ చెప్పే పెద్దాయన ఊళ్ళో మందు కొట్టే పంపులు బాగుచేస్తాడు. నేను వెళ్ళేసరికి మిరప చేల నుంచి వచ్చిన పంపులు ఇంటి ముందు గుట్టగా పడి ఉన్నాయి. ఒక దాని గొట్టంలో నోరు పెట్టి ఊదుతున్నాడు. ఉమ్మేసి, నోరు కడుక్కుని, కథ చెప్పాడు. బాగా చెప్పాడు. నేను రాసుకున్నాను.

"మొత్తం ఎంతమందిని చంపాడు?" అన్నాను.

"పోయినేడు నలుగుర్ని సార్."

"పోయినేడు కాదు తాతా, అసలు కథలో."

"అసలు కథలోనే. పోయినేడు నలుగురు. ఈ ఏడు ఎంతమందో తిరునాళ్ళ నాడు తెలుస్తది."

నేను పెన్సిలుతో పక్కన '4' అని వేసుకుని, ముసలితనం గురించి మనసులో ఒక సానుభూతి వాక్యం అనుకున్నాను. లేచేటప్పుడు ఆయన అన్నాడు: "రాయి మీద అంకె వెయ్యమాకండి సార్. ఊరికినే చంపాడని రాయండి, చాలు. లేదా తిరునాళ్ళకి వచ్చి, విని, అప్పుడు రాయండి."

తిరునాళ్ళకే పలక ఆవిష్కరణ. అప్పుడు విని రాస్తే ఎలా? పైగా శివరాత్రి దాకా నాకు కోటప్పకొండ డ్యూటీ. 'ఎందుకు వేయకూడదు' అనే రెండు ముక్కల ప్రశ్న అడగడానికి ముప్పై మూడేళ్ళ సర్వీసు సరిపోలేదు. బస్సు వస్తుందని లేచిపోయాను.

నేను ఆ రోజు అడగనిది, తర్వాత ఆలస్యంగా తెలుసుకున్నది మీకు ఇక్కడే చెప్పేస్తాను. లేకపోతే మీరూ నాలాగే తెలివైనవాళ్ళలా ముందుకు పోతారు.

కథ మొదలుపెట్టే ముందు ఆయన తాళాలు ఒకసారి మోగించి జనాన్ని అడుగుతాడు: "ఈ ఏడు ఎంతమంది?" ఆ ఏడాది రెండు ఊళ్ళ మధ్యా ఎవరైనా పాత పగ ఒకటి వదిలేసి ఉంటే, వదిలినవాళ్ళు లేచి నిలబడాలి. నిలబడి, కథలో చచ్చిన ఒకడికి బతుకు చెప్పాలి. వాడు ఆ రోజు ఎందుకు చావలేదో, వాగు దాటి ఎటు పోయాడో, ఏం పండించాడో, ఎంతమంది పిల్లల్ని కన్నాడో. జనం ఒప్పుకుంటే వాడు చచ్చినవాళ్ళలోంచి లేచిపోయినట్టే. మరుసటి ఏడు నుంచి కథలో వాడి చావు ఉండదు, బతుకు ఉంటుంది. లెక్క తగ్గవచ్చు, ఉన్నచోటే ఉండవచ్చు, పెరగకూడదు. పెద్దాయన తాతకి తాత కాలంలో మూడు వందలు. తండ్రి నాటికి నలభై. ఆయన చేతికి తాళాలు వచ్చేసరికి పదకొండు. పంపులు బాగుచేసుకుంటూ తన జీవితకాలంలో ఏడుగుర్ని చావునుంచి లేపాడు. నలుగురు మిగిలారు.

ఆ నలుగురిలో ఒకడు అవతలి ఊళ్ళో ఒకావిడ వంశంవాడు. ఏటా చాపకూటికి మొదటి బియ్యం గంప ఆవిడే తెస్తుంది. మూడేళ్ళ ముందు కాలవ నీళ్ళ దగ్గర గొడవలో ఇవతలి ఊరివాడొకడు ఆవిడ కొడుకు కాలు విరగ్గొట్టాడు. గురజాల కోర్టులో కేసు నడుస్తోంది. ఆ ఏడు ఆవిడ రాజీకి ఒప్పుకుంది. తిరునాళ్ళ నాడు లేచి తన ఇంటి మనిషికి బతుకు చెబుతుంది, సోమవారం కోర్టుకెళ్ళి రాజీ కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. ఈ సంగతి రెండు ఊళ్ళకీ తెలుసు. తెలియనిది నాకూ, నా శాఖకూ.

ఆఫీసులో పాత దస్తరం ఒకటి దొరికింది. పురుగులు తినగా మిగిలిన దానిలో ఎవరో నాలాంటివాడు 'మున్నూరు మందిని గూల్చెను' అని రాసి పెట్టాడు. నా ఎమ్మే నిద్ర లేచింది. పాతదే అసలుదని మాకు కాలేజీలో నేర్పారు. తర్వాత వచ్చినదంతా మరుపు, కల్తీ, జనం అజ్ఞానం. డ్రాఫ్టు తీసుకెళ్ళి అధికారికి చూపించాను. పక్కనున్న పెన్సిలు అంకె చూసి ఆయన కళ్ళజోడు తీశాడు.

"నాలుగేందయ్యా? నలుగుర్ని చంపితే వీరుడెట్టా అవుతాడు, ముద్దాయి అవుతాడు. మూడొందలు ఉండగా నాలుగెందుకు?"

న్యాయమైన మాటే అనిపించింది. డ్రాఫ్టు టైపు కొట్టే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తల్లి. కాంట్రాక్టు మీద ఆరేళ్ళుగా మా దగ్గర పనిచేస్తోంది. నా చేతిరాత చదవగలిగిన మనిషి ఆఫీసులో ఆవిడొక్కతే, నాతో కలిపి.

"సార్, పైన మూడొందలని ఉంది. పక్కన నాలుగని ఉంది. ఏది కొట్టమంటారు?"

"పైది కొట్టమ్మా."

"నాలుగన్నది ఎవరు సార్?"

"అక్కడ కథ చెప్పే పెద్దాయన."

"మరి ఆయనకి తెలీదా?"

"ఆయన పంపులు బాగుచేస్తాడమ్మా."

"మనమేం బాగుచేస్తాం సార్?" అంది, కీబోర్డు మీంచి తల ఎత్తకుండానే.

నవ్వాను. ఎర్ర పెన్నుతో 'మూడు వందలు' చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన టిక్కు పెట్టి, పొట్టి సంతకం కూడా చేశాను. సంతకం చెయ్యనవసరం లేదు. అలవాటు.

తిరునాళ్ళ నాడు ఎండ అప్పుడే మొదలైంది. షామియానా, మైకు, పూలదండ, కొత్త గ్రానైటు పలక మీద ఎర్ర గుడ్డ. పొయ్యిల మీద గుండిగలు ఉడుకుతున్నాయి. అవతలి ఊరివాళ్ళు వాగు దాటి వచ్చి ఒక పక్క కూర్చున్నారు. ముందు వరుసలో ఆవిడ, ఒళ్ళో బియ్యం గంప. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కొడుకు, కాళ్ళ మధ్య చేతికర్ర. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఏదో మంత్రం చదువుకుంటోందనుకున్నాను. చెప్పబోయే బతుకుని వల్లె వేసుకుంటోందని ఇప్పుడు తెలుసు.

అధికారి గుడ్డ లాగాడు. మైకు పట్టుకున్నవాడు పలక మీద ఉన్నది గొంతు పెంచి చదివాడు. "మూడు వందల మంది శత్రువులను ఒంటిచేత్తో" దగ్గరికి వచ్చేసరికి, బాగుందనుకున్నాడో ఏమో, రెండోసారి కూడా చదివాడు.

ఇవతలి కుర్రాళ్ళలోంచి ఈల పడింది. "ఓర్నీ, మూడొందలంట! నాలుగు నాలుగని చెప్పి ఇన్నాళ్ళూ మనల్ని మోసం చేశారుగదరా ముసలోళ్ళు!"

అవతలి వైపు నుంచి ఒకడు లేచాడు. "మూడొందలమందిని ఒక్కడు ఎట్టా చంపుతాడురా? కట్టేసి చంపాడా ఏంది?"

"రా, చూపిస్తాం ఎట్టా చంపాడో!"

ఫోన్లు పైకి లేచాయి. పలకకి ఫొటోలు తీస్తున్నారు. పెద్దవాళ్ళు మధ్యలో పడి చొక్కాలు విడిపించారు. ఆ సందడిలోనే పంపుల పెద్దాయన మండపం మెట్టు మీదికి ఎక్కి తాళాలు మోగించాడు. ఏటా అడిగినట్టే అడిగాడు.

"ఈ ఏడు ఎంతమంది?"

"బోర్డు చూస్కో తాతా!" అన్నారెవరో. పెద్ద నవ్వు.

ఆయన మళ్ళీ తాళాలు మోగించాడు. మళ్ళీ అడిగాడు. ఈసారి చూపు ఆవిడ వైపు. ఆవిడ గంప కింద పెట్టి లేచింది. కొంగు నడుముకి దోపుకుంది. చదువు రాదు కాబట్టి పక్కనున్న పిల్లని అడిగింది. "ఆడ ఏం రాసుందే?"

"మూడొందలమందిని చంపాడంట పిన్నీ."

ఆవిడ కాసేపు పలక వైపు చూసింది. తర్వాత కుర్చీల్లో ఉన్న మా వైపు చూసింది.

"నిన్నటిదాకా నలుగురేగదయ్యా. తెల్లారేసరికి మావాళ్ళని మళ్ళీ అంతమందిని ఎవురు చంపారు?"

అధికారి నా వైపు చూశాడు. నేను షామియానా గుంజ వైపు చూశాను. మంచి గుంజ. సరుగుడు.

ఆవిడ కిందికి వంగింది. గంప ఎత్తి నెత్తిన పెట్టుకుంది. కొడుకు కర్ర అందుకున్నాడు. వాళ్ళ వెనక అవతలి ఊరు మొత్తం లేచింది. అరుపుల్లేవు. అరిచి ఉంటే తేలికగా ఉండేది. వాగులో నీళ్ళు పాదాల లోతే, అయినా ఆ దాటడం చాలా సేపు పట్టినట్టనిపించింది. కొడుకు రాళ్ళ మధ్య ఆగి ఆగి నడుస్తున్నాడు కదా. ఇవతల చాపల వరుసలో సగం ఖాళీగా ఉండిపోయింది. పెద్దాయన ఆ ఏడు కథ చెప్పలేదు. మేం మాత్రం భోంచేశాం. వడ్డించారు కాబట్టి.

సోమవారం గురజాల కోర్టు దగ్గర, కాలు విరగ్గొట్టినవాడి తండ్రి మధ్యాహ్నం దాకా వేపచెట్టు కింద కూర్చున్నాడట. ఆవిడ రాలేదు. వకీలు "ఇంక భోంచేసిరా పెద్దాయనా" అంటే, "ఆకలి లేదు" అన్నాడట.

వారం తిరగ్గానే మెమో వచ్చింది. కథ చెప్పే వ్యక్తి నాలుగు అని చెప్పగా మూడు వందలు ఎలా చెక్కారు, శాంతిభద్రతలకు భంగం కలిగే పరిస్థితికి బాధ్యులెవరు, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. 'మూడొందలు ఉండగా నాలుగెందుకు' అన్న అధికారే సంతకం చేశాడు. పై అధికారుల జ్ఞాపకశక్తి గురించి మొదట్లోనే చెప్పాను.

నాకు దిగిపోవడానికి ఆరు నెలలుంది. ఆ వయసులో మనిషికి ఒక రకమైన తెలివి వస్తుంది. దాన్ని అనుభవం అంటారు. ఆ రోజు నేను రాసినది పెద్ద వాక్యం కూడా కాదు: 'క్షేత్రస్థాయి విచారణలో నాలుగు అని నమోదు చేయగా, టైపింగులో దొర్లిన పొరపాటు వల్ల మూడు వందలుగా వచ్చినట్లు తెలియవస్తున్నది.' తెలియవస్తున్నది అనడంలో ఉన్న సుఖం మీలో ఫైళ్ళు రాసేవాళ్ళకి అర్థమవుతుంది. ఎవరికి తెలిసిందో చెప్పక్కర్లేదు.

మార్చి ఆఖరికి టైపు అమ్మాయి కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ రాయలేదు. మా శాఖలో ముఖ్యమైనవేవీ రాయరు.

చివరి రోజు ఆవిడ తన డ్రాయరు ఖాళీ చేసుకుని, టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, నా టేబులు దగ్గరికి వచ్చింది. మడత పెట్టిన కాగితం ఒకటి ఇచ్చింది. విప్పితే నా డ్రాఫ్టు. మూడు వందల చుట్టూ ఎర్ర గుండ్రం, టిక్కు, పొట్టి సంతకం.

"ఇది మీదే సార్. నా దగ్గరుంటే ఎప్పుడన్నా ఎవరికన్నా చూపించాలనిపిస్తదేమో. మీరే ఉంచుకోండి" అంది.

అంతే. వెళ్ళిపోయింది. నేను ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టుకున్నాను. దాన్ని అధికారి ముందు పెట్టి ఉండవచ్చు. అప్పటికి ఆయన టూర్‌లో ఉన్నాడు. మరుసటి రోజు తిరిగొచ్చాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆవిడ మా పాత ఆఫీసు వీధిలోనే జిరాక్సు షాపు నడుపుతోంది. మంచి టీ దొరికే కొట్టు దాని పక్కనే.

రిటైరయ్యాక చేతిలో సమయం పడింది. మొదటి పని, పలక మీద అంకె చెక్కి తీసేయించాలని అర్జీ పెట్టాను. ప్రభుత్వ శిలాఫలకాన్ని ధ్వంసం చేయరాదని జవాబు వచ్చింది. సరేనని వైటు సిమెంటు పొట్లం ఒకటి కొనుక్కుని బస్సెక్కాను. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను స్వయంగా తలపెట్టిన నిర్మాణ కార్యక్రమం అదొక్కటే. పంపుల పెద్దాయన నా చేతిలో పొట్లం చూసి నవ్వాడు.

"రాయి మీద పూస్తావు సరే. ఫోన్ల మీద ఎట్టా పూస్తావు సారూ?"

తన పక్కింటి కుర్రాడి ఫోనులో ఫొటో చూపించాడు. వీరగల్లు మీద ఎర్రటి అక్షరాలు, 'మూడొందల మొనగాడు'. రోడ్డు మీద ఫ్లెక్సీ కూడా కట్టారు. అరిగిపోయిన కత్తి స్థానంలో కంప్యూటరు కొత్త కత్తి అతికించింది, బాగా తళతళలాడుతోంది. అవతలి ఊళ్ళోనూ వీరుడొకడు పుట్టాడట. చావకుండా నూటయాభై మందిని నరికి వెళ్ళాడట. ఆ ఏడు పుట్టినవాడికి అప్పుడే అంత కండ ఎక్కడిదో.

సిమెంటు అయితే పూశాం. ఆయనే కలిపాడు. చేతులు కడుక్కుంటూ అడిగాను, "తాతా, ఒకవేళ నలుగురూ లేచిపోయి లెక్క సున్నాకి వచ్చి ఉంటే? అప్పుడింక వీరుడేం చేస్తాడు?"

"ఇంటికి పోతాడు సార్. ఎన్నాళ్ళని కత్తి ఎత్తుకుని నిలబడతాడు? భుజం నొప్పి పుట్టదా?" అన్నాడు. "మా నాయన చెప్పేవాడు, ఆయన అక్కడ నిలబడింది మనం వదిలిపెట్టక అని. మనం ఒక్కొక్కర్ని వదిలితే ఆయన్నీ ఇంటికి పంపొచ్చని."

చరిత్ర చదివినవాణ్ణి, చిన్న తీసివేతలో ఉన్నది అప్పుడుగానీ పట్టుకోలేదు. మూడు వందల్లోంచి నాలుగు పోతే రెండు వందల తొంభై ఆరు. అన్నిసార్లు, అంతమంది, ఏదో ఒక పగ వదిలేసి ఆ మండపం ముందు లేచి నిలబడ్డారు. పొలం గట్టు పగలు, కోడిపుంజు పగలు, తల పగలగొట్టిన పగలు. వాళ్ళెవరి పేర్లూ ఎక్కడా లేవు. వాళ్ళకి మిగిలిన రాతకోతలన్నీ కలిపితే ఆ 'నాలుగు' అనే అంకె. నేను చెరిపింది దాన్ని. పెద్దాయన నోట ఉన్నదాన్ని ముసలితనం అనుకుని, పురుగులు తిన్నదాన్ని సత్యం అనుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాను.

"మాకు తెలిసింది ఒకటే సార్. చచ్చినోణ్ణి లేపాలంటే వాడికో బతుకు చెప్పాలి."

అప్పటినుంచి ఒక లాంగుబుక్కు పెట్టుకుని రోజూ పొద్దున రాస్తున్నాను. చంపింది నేను కాబట్టి లేపాల్సిందీ నేనే అని నా లెక్క. ఒక్కొక్కడికి ఒక పేజీ. ఇప్పటికి ముప్పై ఒక్క మందిని లేపాను. ఈ వేగంతో వెళితే చివరివాడు లేచేసరికి నేను పడుకుంటాను.

మొన్న తిరునాళ్ళకి ముందు ఆ పుస్తకం పట్టుకుని అవతలి ఊరు వెళ్ళాను. ఆ గొడవ తర్వాత వాళ్ళు వాగు దాటడం లేదు. కోర్టులో వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. బియ్యం గంప ఆవిడ కళ్ళంలో మిరపకాయల గుట్ట ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఘాటుకి నేను ముందు పదిసార్లు తుమ్మాను. సారీ చెప్పడానికి అది మంచి ఆరంభం కాదు.

"బోర్డు సారుగదా నువ్వు?" అంది. "కూకో. కళ్ళు రుద్దుకోమాక, మంట పుడతది."

కొడుకు లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చాడు. చెంబు ఒక చేతిలో, కర్ర ఇంకో చేతిలో. నీళ్ళు సగం దారిలో ఒలికాయి. ఆవిడ అటు చూడలేదు. నేను మిగిలిన సగం తాగాను.

వచ్చిన పని చెప్పి పుస్తకం తీశాను. మూడు బతుకులు చదివాను. ఒకడి చెప్పు తెగి, కుట్టుకుంటూ వెనకబడ్డాడు, నడికుడి దగ్గర స్థిరపడి చెప్పులే కుట్టాడు. ఇంకొకడి కాల్లో ముల్లు దిగితే వీరుడే కత్తి కొనతో తీశాడు, ఆ తర్వాత ఇద్దరికీ కొట్టుకోబుద్ధి కాలేదు. మూడోవాడికి సరిగ్గా వాగు దగ్గరికి వచ్చేసరికి కడుపులో తిప్పింది. తుప్పల చాటుకు వెళ్ళి, తిరిగొచ్చేసరికి యుద్ధం అయిపోయింది.

ఆవిడ నవ్వింది. "వీడు మా ఇంటోడే అయ్యుంటాడు. మా ఇళ్ళల్లో అందరి కడుపులూ అంతే."

"మీరు ఆ రోజు ఏం చెబుదామనుకున్నారమ్మా?"

"అది తిరునాళ్ళలో చెప్పాల్సింది. కళ్ళంలో చెప్పేది కాదు" అని మళ్ళీ కాయలు ఏరడంలో పడింది. కాసేపయ్యాక అడిగింది, "బాగానే రాశావు. మరి బతుకు చెప్పేవాడు పగ వదలాలిగదా సారూ. నువ్వేం వదిలావు?"

"నాకు ఎవరి మీదా పగ లేదమ్మా."

"మరి నీ మీద?"

సంజాయిషీలు రాసి రాసి ఉన్న చెయ్యి. ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. మిరప ఘాటు వల్లనో, ఆవిడ నా మొహం చూడకుండా అడగడం వల్లనో, చెప్పేశాను. టైపు అమ్మాయి సంగతి, టైపింగులో దొర్లిన పొరపాటు సంగతి. పుస్తకంలోంచి ఆ మడత కాగితం తీసి ఎర్ర గుండ్రం కూడా చూపించాను. చదువు రాదు కదా, అందుకే చూపించగలిగానేమో. ఆవిడ కారం చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం తీసుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది. మడిచి తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఆ పిల్ల యాడుంటది ఇప్పుడు?"

"పేటలోనే. జిరాక్సు షాపు."

"నీ ఇంటికి ఎంత దూరం?"

"నడిచి పది నిమిషాలు."

ఆవిడ తాలుకాయ ఒకటి ఏరి పక్కకి విసిరింది.

"పది నిమిషాల దూరం పోలేక, బస్సెక్కి మా ఊరెందుకొచ్చావయ్యా?"